పాప్లర్ ఇళ్ళలో పురుళ్ళు

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి తూర్పు లండన్‌లోని పాప్లర్ సగం శిథిలమై ఉంది. ఓడరేవుల పక్కనే ఉండడం వల్ల 1940 సెప్టెంబరు 7 నుంచి పడిన బాంబులకు వీధులకు వీధులే కూలిపోయాయి. మిగిలిన ఇళ్ళలో ఒకటి రెండు గదుల్లోనే కుటుంబమంతా సర్దుకునేది. చాలా ఇళ్ళకు మరుగుదొడ్డి పెరట్లోనే ఉండేది. ఆ గదుల్లోనే, మంచం మీద పాత వార్తాపత్రికలు పరిచి, పొయ్యి మీద నీళ్ళు కాచి, సైకిలు మీద వచ్చిన మిడ్‌వైఫ్‌లు, అంటే శిక్షణ పొందిన మంత్రసానులు, పురుళ్ళు పోశారు. వారిలో సెయింట్ జాన్ ది డివైన్ సంఘానికి చెందిన ఆంగ్లికన్ సన్యాసినులూ ఉన్నారు.

1930ల మధ్యలో ఇంగ్లండులో వెయ్యి కాన్పులకు నలుగురు తల్లులు చనిపోయేవారు. 1950 నాటికి ఆ సంఖ్య ఒకటికన్నా తగ్గింది. ఈ ఘనతలో మందుల వాటా చాలా పెద్దది. కాన్పు తరువాత సూక్ష్మక్రిముల వల్ల వచ్చే సూతికా జ్వరానికి సల్ఫా మందు పనిచేస్తుందని వైద్యుడు లెనార్డ్ కోల్‌బ్రూక్ 1936లో చూపించాడు. ఆ తరువాత పెన్సిలిన్, రక్తమార్పిడి అందుబాటులోకి వచ్చాయి. అయితే జ్వరం మొదలైన సంగతి ఎవరో ఒకరు కనిపెట్టకపోతే ఆ మందు ఇంటి గడప తొక్కదు. అందుకే నాకు మిడ్‌వైఫ్‌లు పాటించవలసిన ఆ కాలపు నిబంధనలు అన్నిటికన్నా విలువైనవిగా కనిపిస్తాయి. బిడ్డ పుట్టాక మొదటి మూడు రోజులు పూటకొకసారి, ఆ తరువాత రోజుకొకసారి, కనీసం పది రోజులపాటు మిడ్‌వైఫ్ బాలింత ఇంటికి వెళ్ళి, జ్వరమూ నాడీ చూసి, గర్భాశయం కుదించుకుంటున్నదో లేదో చేత్తో తడిమి, బిడ్డ బొడ్డు శుభ్రపరచి, పాలు పడుతున్నాయో లేదో విచారించి, అన్నీ పుస్తకంలో రాయాలి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే వైద్యుణ్ణి పిలిపించవలసిందే. అలా పిలిపించిన వైద్యుడి ఫీజును స్థానిక ప్రభుత్వమే చెల్లించాలని 1918 నాటి మిడ్‌వైఫ్‌ల చట్టం చెప్పింది. 1936లో వచ్చిన మరో చట్టం మిడ్‌వైఫ్‌లకు జీతాలు ఏర్పాటు చేయించింది. 1948 జూలై 5న ప్రభుత్వ ఉచిత వైద్య సేవ అయిన నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలవడంతో తల్లి చెల్లించవలసినది ఏమీ లేకుండా పోయింది. ఖర్చుకు భయపడి కబురు పంపడం ఆలస్యం చేయడమనే పాత ప్రమాదం ఆ విధంగా తొలగింది.

ఇళ్ళకు వెళ్ళి సేవ చేసే ఇదే పద్ధతి డిస్ట్రిక్ట్ నర్సులది కూడా. 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ ఒక నర్సును పేదల ఇళ్ళకు పంపడంతో మొదలైన ఈ వృత్తి, యుద్ధానంతరం మధుమేహ రోగులకు ఇన్సులిన్, క్షయ రోగులకు స్ట్రెప్టోమైసిన్ ఇంటింటా ఇచ్చేంతగా విస్తరించింది. గాజు సిరంజిని ప్రతిసారీ మరిగించవలసిన రోజులవి.

1959లో ప్రసూతి సేవలపై ప్రభుత్వ కమిటీ ఇచ్చిన క్రాన్‌బ్రూక్ నివేదిక నూటికి డెబ్బై కాన్పులు ఆసుపత్రుల్లో జరగాలన్నది. 1970లో అలాంటిదే అయిన పీల్ నివేదిక అన్నిటికీ ఆసుపత్రిలోనే వసతి ఉండాలన్నది. రక్తపోటు ఉన్నవారికీ, కవలలను మోస్తున్నవారికీ ఆసుపత్రే క్షేమమన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ పడకలు చాలక బాలింతలను త్వరగా ఇంటికి పంపడం మొదలైంది. బ్రాడ్‌ఫర్డ్‌లో 1950ల చివరికే 48 గంటలకు పంపే పద్ధతి వచ్చింది. నెలలు నిండకముందు నుంచీ ఆ చూలాలిని ఎరిగి, పురుడు పోసి, ఆ పది రోజులూ కనిపెట్టుకుని ఉండే మనిషి ఒక్కరే కావడం అనే ఏర్పాటు దీనితో చాలామందికి దూరమైంది. దీన్ని నేను నష్టంగానే లెక్కిస్తాను.