వేలితో వేసిన మంచు

మా పాపకు ఏడేళ్లు. తను వేసిన బొమ్మలన్నీ రెండేళ్లుగా ఒక అట్టపెట్టెలో పోగవుతున్నాయి. పారేయడానికి మనసొప్పదు, అన్నింటినీ గోడకు అతికిద్దామంటే చోటు చాలదు. ఈసారి కొత్త సంవత్సరానికి వాటిలో ఒకదాన్ని గ్రీటింగ్ కార్డుగా మార్చి దగ్గరివాళ్లకు పంపుదామనుకున్నాం. పన్నెండు కార్డులు. ఒక పూటలో తేలిపోతుందనుకున్న పని వారం రోజులు పట్టింది.

మొదలుపెట్టే ముందు పాపకు ఒక సంగతి చెప్పాను. యునిసెఫ్ మొట్టమొదటి గ్రీటింగ్ కార్డు మీది బొమ్మ పేరున్న చిత్రకారులు వేసింది కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తమ ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా చెకోస్లోవేకియాలో ఏడేళ్ల బాలిక వేసింది. కాగితం దొరక్క గాజు పలక మీద వేసిందట. 1949లో అది కార్డుగా వచ్చింది. పాప కాసేపు ఆలోచించి, "గాజు మీద వేస్తే చెయ్యి తగిలి చెరిగిపోదా అమ్మా?" అని అడిగింది.

బొమ్మ ఎంపిక పాపకే వదిలేశాను. నా కన్ను రంగురంగుల చిలక మీద ఉంది. పాప మాత్రం పెన్సిల్‌తో వేసిన మూడు చెట్ల బొమ్మ తీసింది. పిల్లల బొమ్మ నలుగురికీ పంపేటప్పుడు ఏది పంపాలో వాళ్లే చెప్పాలని నా నమ్మకం. కాబట్టి చిలక మళ్లీ పెట్టెలోకి వెళ్లింది.

ముందు ఫోనుతో ఫోటో తీశాను. నా చేతి నీడ పడింది, కాగితం ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క ఇరుకుగా వచ్చింది. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సరిగ్గా సమాంతరంగా పట్టుకుంటే ఫోటో కూడా పనికొస్తుంది. అయినా పలుచని పెన్సిల్ గీతలకు స్కానరే మేలనిపించింది. కార్డును ఏ4లో నాలుగో వంతుకు, అంటే 148 మిల్లీమీటర్ల పొడవు, 105 వెడల్పుకు అనుకున్నాం. ఆ సైజులో స్పష్టంగా అచ్చు కావాలంటే అంగుళానికి 300 చుక్కలు చాలు. బొమ్మలో కొంత భాగాన్నే తీసుకుని పెద్దది చేయాలి కాబట్టి 600 పెట్టాను. ఏ భాగం తీసుకోవాలో తేల్చడానికి అట్టతో 'ఎల్' ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించి, చట్రంలా బొమ్మ మీద అటూ ఇటూ జరుపుతూ పోయాం. ఒక చోటికి రాగానే పాప "ఇక్కడే" అని గట్టిగా పట్టేసుకుంది.

స్కాన్‌లో కాగితం బూడిద రంగులో మాసినట్టు కనిపించింది. తెల్లగా రావాలని కంప్యూటర్‌లో వెలుతురు పెంచాను, చెట్ల గీతలు నల్లబడేలా చేశాను. తళతళలాడుతున్న బొమ్మను సంబరంగా పాపకు చూపించాను. పాప ముఖం చిన్నబోయింది.

"మంచు చెరిపేశావు."

అసలు బొమ్మ తెచ్చి పక్కన పెట్టుకుని చూశాను. చెట్ల మొదళ్ల చుట్టూ పెన్సిల్ పొడిని వేలితో రుద్దింది. నేను మాసిన కాగితం అనుకున్నది పొద్దుటి మంచు. దగ్గరగా చూస్తే మధ్య చెట్టు కింద పాప వేలిముద్ర గీతలు కూడా ఉన్నాయి. కాగితం తెల్లబడాలని నేను వెలుతురు పెంచిన ప్రతిసారీ ఆ లేత బూడిద రంగే ముందు పోయింది.

మళ్లీ మొదటి స్కాన్ తెరిచాను. చుట్టూ అంచులు కత్తిరించడం తప్ప ఇంకేమీ చేయలేదు. కాగితం రంగు కాగితానిదే ఉండనిచ్చాను. పిల్లల బొమ్మను శుభ్రం చేయబోయే ముందు ఆ మరక ఏమిటో వాళ్లను అడగండి. ఈ పని మొత్తంలో నేను గట్టిగా చెప్పదలిచింది ఇదొక్కటే.

అచ్చు దగ్గర ఇబ్బందులు మామూలువే. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువుండే) అట్ట మా ప్రింటర్‌లో ఇరుక్కుపోయింది, 180 సాఫీగా వెళ్లింది. ఏ4ను రెండుగా కోసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే ఒక కార్డు. అడ్డంగా ఉన్న బొమ్మ ఆ ముక్కలో కింది సగంలో రావాలి. నేను మొదట పై సగంలో పెట్టాను, మడత కిందికి వచ్చింది. అందుకే ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి, మడిచి చూసుకోవడం మంచిది. మందపాటి కాగితాన్ని ఉన్నపళంగా మడిస్తే మడత దగ్గర చిట్లుతుంది. సిరా అయిపోయిన బాల్ పెన్నును స్కేలు వెంట ఒకసారి నొక్కి లాగి, ఆ గాడి మీద మడిస్తే తీరుగా వస్తుంది. గాళ్లు నేను గీశాను, మడతలు పాప వేసింది. ప్రతి మడత మీదా స్పూను వెనక భాగంతో రెండుసార్లు రుద్దింది.

అసలు బొమ్మ మీద ట్రేసింగ్ కాగితం కప్పి ఫైల్లో పెట్టాం, పెన్సిల్ పొడి ఇంకో కాగితానికి అంటకుండా.

కార్డుల వెనక సంతకం చేస్తే చాలన్నాను. పాప ఒప్పుకోలేదు. ఒక్కో కార్డు వెనకా పెన్సిల్‌తో, ఒత్తి ఒత్తి, "మంచు వేలితో వేశాను" అని రాసింది. పన్నెండింటి మీదా రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది.