లీగ్ ఖర్చును 96తో భాగించకండి

ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ బస్తీల్లో నడిచే పిల్లల ఫుట్‌బాల్ లీగుకు డబ్బు చాలకపోతే ఎవరో తినేశారని గుసగుసలు మొదలవుతాయి. చాలాసార్లు తప్పు భాగహారంలోనే ఉంటుంది.

మాటవరసకు 8 జట్లు, జట్టుకు 12 మంది, మొత్తం 96 మంది అనుకుందాం. ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఒక్కోసారి ఆడితే 28 మ్యాచులు. రెండు సెమీస్, ఫైనల్ కలిపి 31. మైదానం గంటకు వెయ్యి చొప్పున 31,000. రిఫరీకి మ్యాచుకు 300 లెక్కన 9,300. జెర్సీలు 250 చొప్పున 24,000. నాలుగో సైజు బంతులు ఆరింటికి 5,400. నీళ్లు, ఐసు, ఫస్ట్ ఎయిడ్ 3,000. కప్పులు, మెడల్స్ 6,000. వెరసి 78,700. మే నెల సాయంత్రాల్లో గాలివాన కొడితే మ్యాచు మళ్లీ పెట్టాలి, కట్టిన అద్దె మాత్రం తిరిగి రాదు. అందుకు పది శాతం కలిపితే 86,570.

దీన్ని 96తో భాగించి కరపత్రంలో ఫీజు 900 అని వేసేస్తారు. కట్టలేనివాళ్లు, అన్నతో పాటు వచ్చే తమ్ముళ్లు, కోచ్ పిల్లలు కలిపి ఓ పదిమందికి మాఫీ చేయక తప్పదు. మిగిలిన 86 మంది కట్టేది 77,400. లోటు 9,170. వాన కోసం దాచినదంతా పోయి, అసలు ఖర్చుకే చాలదు! ఫీజు 1,010 పెట్టండి, మాఫీలు పదికి మించవని కమిటీ మినిట్స్‌లో ముందే రాయండి. స్పాన్సర్ వస్తాడులే అని ఫీజు తగ్గించొద్దు. మైదానం అడ్వాన్సు ముందు కట్టాలి, స్పాన్సర్ చెక్కు ఫైనల్ అయ్యాక కూడా రావచ్చు.

ట్రెజరర్ సొంత క్యూఆర్ కోడ్‌కు ఫీజులు వేయించడం ఇంకో తలనొప్పి. ఆయన ఇంటి ఖర్చులూ లీగ్ డబ్బూ ఒకే స్టేట్‌మెంట్‌లో కలిసిపోతాయి. ఏడుగురు సభ్యులుంటే సొసైటీ రిజిస్టర్ అవుతుంది. దాని పేరు మీద పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తీసుకోండి. యూపీఐలో తండ్రి పేరో మేనమామ పేరో కనిపిస్తుంది కాబట్టి, రిమార్కులో జట్టు పేరు, జెర్సీ నంబరు రాయమనండి.

జెర్సీ మీద లోగో వేయించుకున్న దుకాణం ఇచ్చిన సొమ్ము ప్రకటన కిందికి వస్తుంది, దానికి పన్ను మినహాయింపు వచ్చే విరాళం రసీదు రాయకూడదు. అసలు విరాళమైనా 2,000 దాటితే నగదుగా తీసుకోవద్దు, ఇచ్చినవారికి పన్ను మినహాయింపు రాదు.

చిల్లర ఖర్చులకు 3,000 విడిగా ఉంచండి. ఆటో కిరాయికి బిల్లు దొరకదు; వోచర్ రాసి, ఎక్కినవాళ్లతో అదేరోజు సంతకం పెట్టించండి.