దోహా రూములో గ్యాస్ నొప్పి

దోహాలో మా రూములో ఉన్నోళ్లందరిదీ పాలమూరు, నల్లగొండ వైపే. అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ. మందుల డబ్బాలో ఏమున్నా లేకున్నా ఈనో ప్యాకెట్లు మాత్రం ఉంటాయి. మెస్ కూర పడకపోయినా, ఛాతిలో బరువుగా అనిపించినా అందరిదీ ఒకటే మాట, గ్యాస్ పట్టింది.

పోయిన ఎండాకాలం దేవరకొండ అన్నకు అదే పట్టింది. షట్టరింగ్ పని, యాభైకి దగ్గర వయసు, షుగర్ ఉంది, సిగరెట్ మానలేదు. ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 10 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. అందుకని డ్యూటీ చీకటితోనే మొదలవుతుంది, నిద్ర సగమే. ఆ రాత్రి ఏసీ చలికి మేమంతా దుప్పట్లు కప్పుకొని ఉంటే ఆయన బనీను చెమటతో తడిసిపోయింది. ఛాతి మధ్యలో బండ పెట్టినట్టుందన్నాడు. నొప్పి ఎడమ చేతిలోకి, దవడలోకి పాకింది. ఈనో తాగితే తేన్పులు వచ్చాయి గానీ నొప్పి కదల్లేదు.

అంబులెన్స్ పిలుద్దామంటే, “వద్దు తమ్మీ, అన్‌ఫిట్ అని ఇంటికి పంపిస్తరు. అప్పు ఇంకా తీరలే” అన్నాడు.

క్యాంపుల్లో మనవాళ్లు ఎక్కువగా ఈ మాట దగ్గరే ఆగిపోతారు. చెమట, నొప్పి అందరికీ కనబడతాయి. ఫోన్ మాత్రం ఎవరూ తీయరు. సూపర్‌వైజర్‌ను అడిగితే పొద్దున క్లినిక్ బస్సులో పంపిద్దామన్నాడు. ఇది గుండెపోటైతే? గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోతే నిమిషం నిమిషానికీ కండరం చస్తూ పోతుంది, దానికి బస్సు టైమింగ్ ఏం తెలుసు? కల్వకుర్తి పిల్లగాడు ఎవర్నీ అడగకుండా ఇక్కడి అంబులెన్స్ నంబర్ 999కి కొట్టాడు.

ఇక్కడ ప్రతి బిల్డింగుకూ ఒక నీలం పలక ఉంటుంది. జోన్, వీధి, బిల్డింగ్ నంబర్లు చెప్తే అడ్రస్ అయిపోయినట్టే. మాకు అవి తెలియవు, చూసి రావడానికి ఒకడు కిందికి ఉరికాడు. ఇప్పుడు మా తలుపు వెనక మార్కర్‌తో రాసి పెట్టుకున్నాం.

ఫోన్లో వాళ్లు ఆస్పిరిన్ పడదా, కడుపులో పుండు ఉందా అని అడిగి, ఏమీ లేదంటే 300 మిల్లీగ్రాములు నమిలి మింగించమన్నారు. నమిలితే తొందరగా పనిచేసి నాళంలో రక్తపు గడ్డ పెరగకుండా చూస్తుంది. ఆయన్ను నడవనివ్వకుండా గోడకు ఆనించి కూర్చోబెట్టాం. ఒకడు వాట్సాప్‌లో చూశానని గట్టిగా దగ్గమన్నాడు, అది ఉత్త పుకారు. ఇంకొకడు నాలుక కింద గుండె నొప్పి మాత్ర సార్బిట్రేట్ పెడదామన్నాడు. బీపీ పడిపోయి ఉంటే అది ప్రాణం మీదికి తెస్తుంది, డాక్టర్ చెప్పకుండా వేయొద్దు.

అంబులెన్స్‌లోనే ఈసీజీ తీశారు, తెల్లారేలోపు మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ పడింది. కొన్నాళ్లకు లైట్ డ్యూటీ ఇచ్చారు, ఇంటికి పంపలేదు. అందరికీ అలాగే జరుగుతుందని మాత్రం చెప్పలేను.

మనిషి కుప్పకూలి, పిలిచినా పలకక, ఊపిరి తీయకపోతే లెక్క మారిపోతుంది. నీళ్లు చల్లడం, నోట్లో నీళ్లు పోయడం కాదు. ఛాతి నడుమ రెండు చేతులతో కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. సైట్లో షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టె ఉంటే తెప్పించాలి, ఆన్ చేస్తే ఏం చేయాలో అదే చెప్తుంది.

ఇంకొకటి, ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాల్సినది) మీద వచ్చినవాళ్లకు చేయించే ప్రవాసీ భారతీయ బీమాలో 10 లక్షలు వచ్చేది ప్రమాదంలో పోతేనో, శాశ్వతంగా వికలాంగులైతేనో. గుండెపోటును కాగితాల మీద సహజ మరణమని రాస్తారు.

మా అమ్మకూ షుగరే. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఒక్కోసారి ఛాతి నొప్పే రాదు. ఆయాసం, వాంతి, వీపు నొప్పి, ఊరికే నీరసం, అంతే. మా ఊళ్లో వీటికి ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పడుకుంటారు. అందుకని మొన్న ఫోన్లో తమ్ముడికి గట్టిగా చెప్పాను, ఆటో మాట్లాడొద్దు, 108కి కొట్టు అని. నల్లమల అంచున మా తండాకు నీలం పలకలెక్కడివి? రోడ్డు మీద నీళ్ల ట్యాంకు దగ్గర ఎవరు టార్చ్ పట్టుకుని నిలబడాలో కూడా అనుకున్నాం. పక్కింటి మామ ఒప్పుకున్నాడు.