ఎంత పోయింది?

"ఎంత పోయింది?" అని అడిగింది ఆవిడ. పలకరింపు లేదు, వాతావరణం కబుర్లు లేవు. 2023 జనవరి 17, మంగళవారం మధ్యాహ్నం. మన లెక్కలో ముక్కనుమ. సిన్సినాటిలో మా ఆఫీసు లంచ్ రూమ్‌లో నా ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

నాలుగేళ్లుగా మావి పక్కపక్క సీట్లు. ఆవిడకి అరవై దగ్గర పడుతున్నాయి. ఇన్నేళ్లలో నా జీతమెంతో అడగలేదు, ఇంటి అద్దె అడగలేదు, పిల్లలు ఎప్పుడని అడగలేదు. డబ్బు గురించి ఎదుటి మనిషిని అడగడం ఇక్కడ మర్యాద కాదు. వచ్చిన కొత్తలో ఆ పద్ధతి నాకు ఎంత హాయిగా ఉండేదో. ఊరెళ్తే బస్సు దిగీ దిగకముందే "నెలకెంత ఇస్తున్నారే?" అని అడిగే పెద్దమ్మలను తప్పించుకుని వచ్చినదాన్ని కదా. అలాంటిది, నాలుగేళ్లలో ఒక్క సొంత విషయం అడగని మనిషి నేరుగా డబ్బులే అడిగేసరికి గుండె జారిపోయింది.

ఆరొందల డాలర్లు అని అబద్ధం చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. చేతిలో శాండ్‌విచ్ కింద పెట్టి ఊరికే కూర్చుంది.

మాది భీమవరం దగ్గర పల్లె. సంక్రాంతి మూడు రోజులూ మా వైపు ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కానీ నేను ఎప్పుడూ బరి దగ్గరికి వెళ్లలేదు. డాబా మీద నుంచి టెంట్ల పైభాగం కనిపించేది, మైకులో పందెం పిలుపులు వినిపించేవి. డేగ గెలిచిందా, కాకి గెలిచిందా అన్నది తమ్ముడు పరుగెత్తుకొచ్చి చెబితే తెలిసేది. అలాంటి నేను ముప్పై నాలుగేళ్ల వయసులో, అమెరికాలో, నియమాలు కూడా సరిగ్గా తెలియని ఆట మీద పందెం కాశాను. అదీ సరిగ్గా ఆ మూడు రోజులే.

ఆ ఆట అమెరికన్ ఫుట్‌బాల్. ఆ ఏడాది దాని పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో నాకౌట్ మ్యాచ్‌ల (ప్లేఆఫ్స్) మొదటి రౌండ్, వైల్డ్ కార్డ్ రౌండ్, జనవరి 14, 15, 16 తేదీల్లో పడింది. భోగి, సంక్రాంతి, కనుమ. ప్లేఆఫ్స్‌కి పద్నాలుగు జట్లు వస్తాయి. రెండు టాప్ జట్లకు ఆ వారం విశ్రాంతి, మిగతా పన్నెండు జట్లకు ఆరు మ్యాచ్‌లు. ఓడితే ఇంటికే. అందుకే ఆ వారాంతం పందేలకు పెద్ద పండగ.

మా సిన్సినాటి ఉన్న ఒహాయో రాష్ట్రంలో క్రీడల మీద పందెం చట్టబద్ధమైంది 2023 జనవరి 1న. 1992 నాటి ఫెడరల్ చట్టాన్ని 2018లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఏ రాష్ట్రం నిర్ణయం ఆ రాష్ట్రానిదే అయింది. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు ఈ బాధ ఇంకా చట్టం వరకూ రాలేదు. మాకు మాత్రం కొత్త సంవత్సరంతో పాటే వచ్చింది. హైవే బోర్డుల మీద, రేడియోలో, యూట్యూబ్‌లో అవే ప్రకటనలు. రిస్క్ లేదన్నట్టు ప్రకటనలు ఇచ్చినందుకు రాష్ట్ర కమిషన్ కొన్ని కంపెనీలకు జరిమానాలు కూడా వేసింది.

నేను దిగడానికి కారణం మాత్రం ప్రకటనలు కాదు. జనవరి 2 రాత్రి మా ఊరి స్టేడియంలోనే బఫెలో జట్టు ఆటగాడు డమార్ హామ్లిన్ ఎదుటివాణ్ణి ట్యాకిల్ చేసి (అడ్డుకుని పడేసి), లేచి నిలబడి, అంతలోనే వెనక్కి కూలిపోయాడు. గుండె ఆగిపోయింది. మైదానంలోనే సీపీఆర్ చేశారు. చుట్టూ ఆటగాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చారు. టీవీ ముందు నేనూ ఏడ్చాను. ఆ వారమంతా ఆఫీసులో ఎవరు ఎదురైనా ముందు ఆ అబ్బాయి ఎలా ఉన్నాడనే అడిగేవాళ్లు. కోలుకుంటున్నాడని తెలిసినప్పుడు మా టీమ్‌లో ఒకాయన నన్ను దగ్గరకు తీసుకున్నాడు. నాలుగేళ్లలో మొదటిసారి ఈ ఊరు నాదనిపించింది. ఆ తర్వాతి వారం అందరి మాటలూ మా ఊరి జట్టు బెంగాల్స్ ప్లేఆఫ్ మీదికి మళ్లాయి. లైనెంత (ఎన్ని పాయింట్ల తేడా మీద పందెం), ఎవరు ఎంత పెట్టారు అని. ఆ మాటల్లో నాకూ చోటు కావాలనిపించింది. పందెం యాప్ వేసుకున్నాను.

శనివారం రాత్రి ఎనిమిదీ పావుకి చార్జర్స్‌కీ, జాక్సన్‌విల్ జట్టు జాగ్వార్స్‌కీ మ్యాచ్. ఊళ్లో అప్పుడు సంక్రాంతి పొద్దున్న ఆరూ ముప్పావు. అమ్మ వీడియోలో ముగ్గు చూపిస్తోంది. నేను ఒక చెవితో అమ్మ మాటలు వింటూ చార్జర్స్ మీద 110 డాలర్లు పెట్టాను. గెలిస్తే 100 వస్తాయి. 100 గెలవాలంటే 110 పెట్టాలి, ఆ పదే కంపెనీ కమీషన్. అంటే వంద పందేల్లో కనీసం యాభై మూడు గెలిస్తే తప్ప జేబులోది పోతూనే ఉంటుంది. ఈ లెక్క నాకు తర్వాత తెలిసింది. డేటా మీద బతికే ఉద్యోగం చేస్తూ ఆ చిన్న లెక్క ముందే వేసుకోనందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

జాక్సన్‌విల్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ట్రెవర్ లారెన్స్ మొదటి సగంలోనే నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే అతను విసిరిన బంతి నాలుగుసార్లు ఎదుటి జట్టు చేతికి చిక్కింది. స్కోరు చార్జర్స్ 27, జాగ్వార్స్ సున్నా. అప్పుడు యాప్‌లో ఇంకో గడి వెలిగింది. చార్జర్స్ గెలుస్తారని 500 పెడితే 25 వస్తాయట. బ్యాంకు వడ్డీ కంటే నయం అనుకుని నొక్కాను. ఆ రాత్రి చార్జర్స్ 31-30తో ఓడిపోయారు. చివరి క్షణంలో జాగ్వార్స్ ఫీల్డ్ గోల్, బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని తెచ్చుకున్న పాయింట్లు. అదే మ్యాచ్‌లో ఎవరో 11,200 డాలర్ల కోసం 14 లక్షల డాలర్లు పెట్టి పోగొట్టుకున్నాడని మర్నాడు వార్తల్లో చదివాను. ఆ వార్త చదివి నాకు ధైర్యం వచ్చింది. నేను వాడంత పిచ్చిపని చేయలేదు కదా అనిపించింది. అదే నా కొంప ముంచింది.

ఆదివారం రాత్రి బెంగాల్స్ మ్యాచ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బాల్టిమోర్ మీద మా జట్టు ఎనిమిదిన్నర పాయింట్ల ఫేవరెట్, అంటే కనీసం తొమ్మిది పాయింట్ల తేడాతో గెలిస్తేనే పందెం గెలిచినట్టు. 550 పెట్టాను. నాలుగో క్వార్టర్‌లో 17-17. బాల్టిమోర్ మా గోల్ లైన్ ముందు నిలబడింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని పైనుంచి చెయ్యి చాపాడు. మావాడొకడు ఆ బంతిని గుద్దాడు. అది శామ్ హబ్బర్డ్ చేతుల్లో పడింది. సిన్సినాటిలో పుట్టి పెరిగిన కుర్రాడు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా 98 గజాలు పరుగెత్తాడు. మా అపార్ట్‌మెంట్ గోడలు అదిరాయి. పై ఫ్లోర్లో ఎవరో గెంతుతున్నారు, కింద పార్కింగ్‌లో కార్లు హారన్లు కొడుతున్నాయి. 24-17. మ్యాచ్ అలాగే ముగిసింది. ఊరు ఊరంతా సంబరం.

నేను మాత్రం సోఫా అంచున కూర్చుని ఉన్నాను. ఏడు పాయింట్లతో గెలిచారు, నాకు తొమ్మిది కావాలి. నా ఊరి జట్టు, నా ఊరి కుర్రాడు, ఇలాంటి పరుగు మళ్లీ చూస్తానో లేదో కూడా తెలియదు. అయినా నాకు సంతోషం లేదు. హబ్బర్డ్ పరుగెత్తుతున్నప్పుడు కూడా నేను మనసులో తీసివేతలు వేస్తున్నాను.

దీని గురించే నేను చాలా రోజులు ఆలోచించాను. మా బరిలో కోడి గెలిస్తే గెలిచినట్టు, ఓడితే ఓడినట్టు. మా డేగ గెలిచింది గానీ సరిపడా గెలవలేదని ఏడ్చినవాణ్ణి నేను వినలేదు. పైపందెం కాసేవాడు నోట్లు చేత్తో పైకెత్తి అరుస్తాడు, ఎదుటివాడు వాడి కళ్లలోకి చూసి ఒప్పుకుంటాడు. ఎవరు ఎంత కాశారో చుట్టూ ఉన్న వందమందికీ తెలుస్తుంది. ఇక్కడ నా ముఖం చూపిస్తే ఫోన్ తెరుచుకుంది, అంతే. పక్కగదిలో నిద్రపోతున్న మా ఆయనకు కూడా తెలియలేదు.

మా ఊరి పందేలు మంచివని నేను అనను. అక్కడ అది చట్టం ఒప్పుకోని పని, నోరులేని జీవాలకు కత్తులు కట్టే పని. మా చిన్న మామయ్య ఎకరం పొలం అలాగే పోగొట్టుకున్నాడు. కానీ ఆ సాయంత్రం దీపాలు పెట్టేలోపు ఊరందరికీ తెలిసిపోయింది. అత్తయ్య వచ్చి మా అరుగు మీద కూర్చుంది. నాన్న, ఇంకో నలుగురు పెద్దలు బరి దగ్గరికెళ్లి చెప్పారు. ఆ తర్వాత మూడేళ్లు సంక్రాంతికి మామయ్య చేతిలో డబ్బు ఎవరూ ముట్టుకోలేదు. పొలం తిరిగి రాలేదు. కానీ మామయ్య మిగిలాడు.

సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. ఊళ్లో కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు. నేను ఇంట్లోంచి కదలకుండానే ఇంకో 1,100 పెట్టాను, టాంపా బే మీద. కారణం, ఆ జట్టులో టామ్ బ్రేడీ ఉన్నాడు, ఈ దేశానికి రాకముందే నాకు తెలిసిన పేరు అదొక్కటే. ఎదుటి జట్టు డాలస్ కిక్కర్ వరసగా నాలుగు ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌లు (ఒక్కో పాయింటు తెచ్చే కిక్‌లు) తప్పాడు. అయినా డాలస్ 31-14తో గెలిచింది. అదే బ్రేడీ చివరి మ్యాచ్ అయింది.

లంచ్ రూమ్‌లో ఆవిడ అలా ఎంతసేపు కూర్చుందో తెలియదు. చివరికి నేనే చెప్పాను. "ఆరొందలు కాదు. రెండు వేల రెండొందల అరవై." మన డబ్బుల్లో లక్షా ఎనభై వేల పైచిలుకు. పైకి చెప్పగానే ఆ అంకె ఎంత పెద్దదో మొదటిసారి నాకే వినిపించింది.

ఆవిడ తిట్టలేదు. వాళ్ల నాన్న కెంటకీలో గుర్రాల మీద కాసేవాడని ఒక్క ముక్క చెప్పింది, మిగతాది చెప్పలేదు. కుర్చీ నా పక్కకు జరుపుకుని, టైమ్ అవుట్ ఒహాయో అని రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఫారం ఎక్కడుంటుందో చూపించింది. మన పేరు మనమే రాసిస్తే రాష్ట్రంలో ఏ పందెం కంపెనీ మనల్ని రానివ్వకూడదు. ఏడాది, అయిదేళ్లు, లేదా జీవితాంతం. నేను ఏడాది దగ్గర వేలు పెట్టాను. ఆవిడ ఫోన్ వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, నేను నింపేదాకా. అన్నం డబ్బా వేడి చేసి తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన కూడా మొదట అడిగింది అదే. ఎంత అని.

రాత్రి పదింటికి తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర, టెంట్లు విప్పుతున్నారట. పండగ కబుర్లయ్యాక, ఈసారి పైపందేలకు ఎంత పెట్టావురా అని అడిగాను.

"అయిదొందలే అక్కా," అన్నాడు. "నాన్న పక్కనే ఉన్నారు."