స ప, ప స

ఫిబ్రవరి 11, మంగళవారం

పొద్దున ఏడున్నరకి అమ్మ ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం పన్నెండు. మాట సరిగ్గా వినపడటం లేదు. వెనక మైకులో పాటలు, జనం హోరు, తప్పిపోయిన పిల్లాడి పేరు ఎవరో చదువుతున్నారు. గుణదల కొండ దిగి వస్తోందట.

"మోకాలు నొప్పని చెప్పి మళ్లీ కొండెక్కావా?"

"ఎక్కానే. సగం దాకా మీ పిన్ని చెయ్యి పట్టుకుంది, తర్వాత ఆ తల్లే లాక్కెళ్లింది. నువ్వు ఏమన్నా తిన్నావా?"

ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మరియమాత తిరనాళ్లు. గుంటూరులో ఉన్నన్నాళ్లూ మేం ఒక్క ఏడు కూడా మానలేదు. ఇవాళ ఆఖరి రోజు, లూర్దుమాత పండుగ. ఇక్కడ పారిస్‌లో మాత్రం ఇది మామూలు మంగళవారం. కిటికీ బయట ఇంకా పూర్తిగా తెల్లారలేదు, చెత్తబండి వచ్చి వెళ్లింది.

సాయంత్రం ఆర్గన్ క్లాసుందని చెప్పాను. "అయితే మరియమ్మ పాటేదన్నా వాయించి పంపు. కీబోర్డు పాట కాదు, అక్కడ నేర్చుకున్నది పంపు" అంది. అమ్మకి ఈ రెండేళ్లలో నేను ఒక్క రికార్డింగు కూడా పంపలేదు. వాయించింది వాయించినట్టు పంపాలంటే ఇప్పటికీ టెన్షనే నాకు.

ఆఫీసులో ఇవాళ రాయదగ్గ సంగతేం జరగలేదు. ఆరుకి బయటపడి రైలెక్కాను.

మా క్లాసు ఊరి శివార్లలో ఒక చిన్న గుడిలో. గుండ్రటి రాతిమెట్లెక్కితే పైన బాల్కనీ, అక్కడ ఆర్గన్. రెండు కీబోర్డులు, కాళ్లకి పెడల్స్, మొత్తం పద్నాలుగు స్టాపులు. స్టాపు అంటే లాగితే ఒక రకం పైపులు మోగే పిడి. కింద గుళ్లో దీపాలు ఆర్పేసి ఉంటాయి, మా దగ్గర ఒక్క బల్బు. మాస్టారు నాకంటే ముందే వచ్చి బెంచీ కింద చిన్న హీటరు పెట్టి ఉంచారు. ఆయనకి డెబ్బై దాటాయి. స్విచ్ వేయగానే ఎక్కడో చెక్క వెనక మోటారు గుర్రుమంటుంది, తిత్తుల్లోకి గాలి నిండుతుంటే పాత చెక్క చిన్నగా కిర్రుమంటుంది. నాకు ఆ చప్పుడంటే చాలా ఇష్టం. మా గుడి హార్మోనియం తిత్తి గుర్తొస్తుంది.

ట్రంపెట్ స్టాపు మీద చెయ్యి వేయబోతే మాస్టారు వద్దన్నారు. చలికాలంలో మామూలు పైపుల శ్రుతి కిందికి దిగుతుంది. ట్రంపెట్‌లో ఇత్తడి నాలుక ఉంటుంది కాబట్టి అది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. రెండూ కలిపితే చెవులు గిలగిల్లాడతాయి. ఈ నెలంతా ఫ్లూట్, బూర్డాన్ అనే స్టాపులతోనే సర్దుకోవాలి.

ఇవాళ ఏం వాయిద్దామని అడిగారు. పొద్దున అమ్మ అడిగిన మాట చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అలమరలోంచి పాత పుస్తకం తీసి 'ఆవే మారిస్ స్తెల్లా' పేజీ తెరిచారు. సముద్రపు చుక్కా, నీకు వందనం అని అర్థం. మరియమాత పండుగల్లో సాయంకాల ప్రార్థనలో పాడే లాటిన్ స్తోత్రం. 9వ శతాబ్దపు చేతిరాతల్లోనే ఉంది. ఏడు చరణాలు, చరణానికి నాలుగు పాదాలు, పాదానికి ఆరు అక్షరాలు. పేజీలో నాలుగే గీతలు, వాటి మీద నల్లటి చదరపు చుక్కలు. తాళం గుర్తు లేదు, లెక్క గీతలు లేవు. ఊపిరి తీసుకోవాల్సిన చోట మాత్రం చిన్న నిలువు గీత.

దీన్ని గ్రెగోరియన్ గానం అంటారు, ప్లెయిన్‌సాంగ్ అన్నా ఇదే. ఒకే గొంతు, ఒకే వరస, తోడుగా మరో స్వరం ఉండదు. ఇలాంటి వరస తీసుకుని ఆర్గన్ మీద అప్పటికప్పుడు అల్లడమే నేను నేర్చుకుంటున్నది. గుళ్లో ఇది అవసరానికి పుట్టిన విద్య. దివ్యసత్ప్రసాదం తీసుకునే వరస ఒక ఆదివారం పొడుగ్గా ఉంటుంది, ఇంకో ఆదివారం రెండు నిమిషాల్లో అయిపోతుంది. అచ్చు పుస్తకంలో ఉన్న సంగీతం ఫాదర్ గారి కోసం ఆగదు, ఆయన పీఠం దగ్గరికి చేరేసరికి ముగిసిపోదు. వాయించేవాళ్లు పీఠానికి వీపు పెట్టి కూర్చుంటారు కాబట్టి పైన చిన్న అద్దం బిగించి ఉంటుంది, ఆటోలో డ్రైవరు ముందుండే అద్దంలాగా. అందులో చూసుకుంటూ ఎక్కడ పొడిగించాలో, ఎక్కడ ముగించాలో చేతులే తేల్చుకోవాలి.

మొదటి ఇరవై నిమిషాలు కీబోర్డు మెట్లు ముట్టుకోనివ్వలేదు. పాడమన్నారు. పాడాను. నా కుడి పాదం దానంతటదే తాళం వేస్తోంది. గుంటూరులో పదేళ్లు గుళ్లో కీబోర్డు వాయించాను. రిథమ్ బటన్ నొక్కితే ఆగకుండా కొడుతుంది, దాని మీదే పాట నడుస్తుంది. ఆ అలవాటు ఒంట్లోంచి పోలేదు. మాస్టారు, "రెండు పాదాలూ బెంచీ అడ్డకర్ర మీద పెట్టండి, అప్పుడు పాడండి" అన్నారు. పెట్టాను. కాళ్లకి నేల అందకపోతే లెక్క పెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నాలుగోసారికి మాట బరువుని బట్టి వరస దానంతటదే సాగడం మొదలైంది. తాళం లేదు, అలాగని లయ లేకుండానూ పోలేదు. ఆలాపనలో ఉండే నడక అది.

చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను కాబట్టి నాకు దీన్ని మన స్వరాల్లో వింటేనే లోపలికి దిగుతుంది. ఈ స్తోత్రం మొదటి మోడ్‌లో ఉంది, మోడ్ అంటే పాట నడిచే స్వరాల వరస. ఆ మోడ్ స్వరాలు మన ఖరహరప్రియ రాగం స్వరాలే. మొదటి అడుగే స నుంచి ప కి ఒక్క గంతు. గమకాలు లేవు, పోకడ పూర్తిగా వేరు, దీన్ని రాగమనడం తప్పు. అయినా ఆ గంతు విన్న ప్రతిసారీ నాకు తంబూరా దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది.

తర్వాత వాయించమన్నారు. పెడల్‌లో స పట్టుకున్నాను, బూర్డాన్ స్టాపు మీద. పైన కుడిచేత్తో ఫ్లూట్‌లో వరస. అంతవరకు బాగానే ఉంది. పాటలో మొదటి పాదం ముగిసేచోట నా ఎడమచెయ్యి వెళ్లి అలవాటైన కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, నొక్కింది, ఏ సెవెన్. సినిమా పాటైనా, గుడి పాటైనా ముగింపుకి ముందు నొక్కే కార్డే అది. మాస్టారు కళ్లు మూసుకున్నారు. తిట్టలేదు. ఆ కార్డులో ఉన్న ఒక్క నల్ల మెట్టు మీద వేలు పెట్టి, "ఇది ఈ పాట ఊళ్లో లేదు" అన్నారు. నిజమే. స స్వరాన్ని 'డి' మెట్టు దగ్గర పెట్టుకుంటే ఆ నల్ల మెట్టు కాకలి నిషాదం, అంటే పై ని. ఈ పాటలో ఉన్నది కైశికి నిషాదం, కింది ని. ఒక్క మెట్టుతో ఖరహరప్రియ కాస్తా గౌరీమనోహరి రాగం అయిపోయింది. అలా చెప్పుకున్నాక నా చెయ్యి మళ్లీ అటు వెళ్లలేదు. రెండేళ్లుగా ఆయన ఫ్రెంచ్‌లో చెబుతున్నది ఇవాళ తెలుగులో అర్థమైంది నాకు.

అప్పుడు మాస్టారు ఒక పాత పద్ధతి పెట్టారు. బేసి చరణాలు గాయకులు పాడతారు, సరి చరణాలు ఆర్గన్ ఒక్కటే వాయిస్తుంది. ఆర్గన్ వంతు వచ్చినప్పుడు మాటలు వినపడవు కానీ చరణం మాత్రం జరిగిపోయినట్టే లెక్క. అందుకని వాయించేవాళ్లు ఆ మాటలు మనసులో అనుకుంటూ వాయించాలి. "రెండో చరణం ఏమంటోంది?" అని అడిగారు. గబ్రియేలు దూత నోట వచ్చిన 'ఆవే' అందుకుని, ఏవా పేరు మార్చి మమ్మల్ని శాంతిలో నిలుపు అని. ఏవా అంటే మన హవ్వ. ఆవే తిరగేస్తే ఏవా. లాటిన్ అక్షరాల్లో అది చమత్కారం. తెలుగులో రాసుకుని చూస్తే అది ఇంకా ముచ్చటగా ఉంది: ఆ-వే, ఏ-వా. నోట్సులో రెండుసార్లు రాసుకున్నాను.

"మాట తిరగబడుతోంది కదా, మరి మీ చేతులేం చేస్తాయి?" అన్నారాయన.

నాకు వెంటనే తట్టలేదు. ఆయన మొదటి చరణం పాడారు, ముసలి గొంతు, చీకట్లో గుడి చివరిదాకా వెళ్లి వచ్చింది. నా వంతు. పైన స ప అని ఎక్కాను. పాటలో ఆ పాదం అయ్యాక గోడల్లోంచి ఆ ప ఇంకా వినపడుతుంటే ఎడమచెయ్యి దాన్నే అందుకుని ప స అని కిందికి దిగింది. అనుకుని చేసింది కాదు. కుడిచెయ్యి ఎక్కుతుంటే ఎడమచెయ్యి దిగుతోంది, ఆవే అంటే ఏవా అంటోంది. ఒళ్లంతా వెచ్చబడింది నాకు. మాస్టారు వెనక నుంచి ఏమీ అనలేదు, మూడో చరణం అందుకున్నారు.

నాలుగో చరణం, నువ్వు తల్లివని చూపించు. అది వాయిస్తుంటే పిన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతున్న అమ్మే కళ్లముందుంది. వరసని పెడల్‌లోకి దించి, పైన రెండు చేతులతో నెమ్మదిగా అల్లాను. పెడల్ మీద కాళ్లు రెండుచోట్ల తడబడ్డాయి. ఆరో చరణంలో, మా దారి క్షేమంగా ఉంచు అనేచోట, స్టాపులన్నీ మూసి ఒక్క ఫ్లూట్ ఉంచాను.

అయ్యాక మాస్టారు ఒక కథ చెప్పారు. 1919 ఆగస్టు 15న, మరియమాత పండుగ రోజు, పారిస్ పెద్ద గుడి నోటర్‌డామ్‌లో సాయంకాల ప్రార్థనకి ఆర్గనిస్టు మార్సెల్ ద్యుప్రే వాయిస్తున్నాడు. అక్కడి ఆర్గనిస్టు లూయీ వియెర్న్ కంటి వైద్యానికి వెళ్లి ఊళ్లో లేడు. ఆ రోజు కింద కూర్చుని విన్నవాళ్లలో రోల్స్ రాయిస్ కంపెనీ నడిపే క్లాడ్ జాన్సన్ ఉన్నాడు. ఈ సంగీతం అచ్చులో ఎక్కడ దొరుకుతుందని వాకబు చేస్తే, ఎక్కడా దొరకదు, అప్పటికప్పుడు వాయించినది అన్నారు. అయితే రాసిపెట్టమని జాన్సనే అడిగాడు. అలా పదిహేను చిన్న రచనలు పుట్టాయి. అందులో నాలుగు ఈ 'ఆవే మారిస్ స్తెల్లా' మీదే. నాకు మాత్రం ఆ సాయంత్రం గాల్లో కలిసిపోయిన వాటి మీదే మనసు. రాసేటప్పుడు ద్యుప్రే ఎంత గుర్తు పెట్టుకుని ఉంటాడు, ఎంత కొత్తగా కూర్చి ఉంటాడు?

ఇంకో ఆర్గనిస్టు తుర్నెమీర్ సంగతి ఇంకోలా జరిగింది. 1898 నుంచి 1939 దాకా సెంత్ క్లోతీల్డ్ గుడి ఆర్గన్ ఆయనది. 1930, 31లలో అక్కడే ఆశువుగా వాయించిన ఐదింటిని డిస్కుల మీద రికార్డు చేశారు, ఒకటి ఈ స్తోత్రం మీదే. ఆయన పోయిన చాలా ఏళ్లకి శిష్యుడు ద్యురుఫ్లే ఆ డిస్కులు విని, ప్రతి స్వరం కాగితం మీదికి ఎక్కించి 1958లో అచ్చు వేయించాడు. ఇప్పుడు ఆర్గన్ నేర్చుకునేవాళ్లు వాటిని చూసి సాధన చేస్తారు. నేనూ చేశాను. ఒక మనిషికి ఆ క్షణంలో తోచినదాన్ని ఆర్నెల్లు కష్టపడి నేర్చుకోవడం వింతే. కానీ శిష్యుడి ఆ ఓపిక తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

రెండు నెలల క్రితం, డిసెంబరు 7న, కాలిపోయి బాగైన నోటర్‌డామ్‌ని తెరిచినప్పుడు టీవీలో చూశాను. మంటలు ఆర్గన్‌ని తాకలేదు కానీ సీసపు దుమ్ము నిండిపోతే విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించారు. దాదాపు ఎనిమిది వేల పైపులు. ఆర్చిబిషప్ గారు దాన్ని ఎనిమిదిసార్లు పిలిచారు, మేలుకో అని. పిలిచినప్పుడల్లా ఆర్గనిస్టులు అప్పటికప్పుడు అల్లి జవాబిచ్చారు. మన మేలుకొలుపే అది. ఆ రాత్రి ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

ఎనిమిదింటికి బయటపడ్డాను. అమ్మ మెసేజ్ పెట్టి ఉంది: "ఇల్లు చేరాం. మోకాలికి నూనె రాసింది మీ పిన్ని."

క్లాసు మొదట్లో ఫోన్ బెంచీ చివర పెట్టి రికార్డింగు నొక్కాను. రైల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. హీటరు టిక్కుటిక్కుమంటోంది. మొదటి చరణం మాస్టారి చివరి అక్షరం గోడల్లో తగ్గకముందే నేను దూసుకొచ్చేశాను. నాలుగోదీ అంతే. మోకాలి కింద ఇంకా ఆ రిథమ్ బటన్ ఉంది. ఆరో చరణం దగ్గర మాత్రం ఆయన గొంతు పూర్తిగా ఆగింది, తర్వాత ఒక ఊపిరంత ఖాళీ, అప్పుడు ఫ్లూట్ వచ్చింది. ఆ ఖాళీని మూడుసార్లు వెనక్కి జరిపి విన్నాను. అక్కడ నేను ఏమీ వాయించలేదు. అయినా పాట నడుస్తూనే ఉంది.

ఇంటికొచ్చి పొద్దుటి పప్పు వేడి చేసుకుని తిన్నాను. రికార్డింగులో తడబడిన చోట్లు కత్తిరించకుండా మొత్తం అమ్మకి పంపాను. అక్కడ అర్ధరాత్రి దాటింది, ఐదింటికి లేచాక వింటుంది. వచ్చే మంగళవారానికి నాలుగో చరణం పెడల్ వరస చూసుకోవాలి, ఎడమ మడమ మీద.