అక్క మంచానికి సరిపోయే టీపాయి కోసం నల్గొండ దాకా

తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి మా అక్క మంచం మీదే భోజనం చేస్తోంది. పళ్లెం ఒళ్లో పెట్టుకుంటే చారు ఒలికిపోతుంది, పక్కన స్టూలు మీద పెడితే నడుము తిప్పాల్సి వస్తుంది. డాక్టర్లు వద్దన్నది సరిగ్గా అదే. అందుకే సంక్రాంతి సెలవుల్లో ఒక టీపాయి ఫొటో సంచిలో పెట్టుకుని, మహబూబ్‌నగర్‌లో తెల్లవారుజామునే బస్సెక్కాను. జడ్చర్ల, కల్వకుర్తి దాటి కొండమల్లేపల్లి దగ్గర నల్గొండ వైపు మళ్లాక, బత్తాయి తోటలు కనిపించేసరికి అక్క ఇంటికి చేరినట్టే అనిపించింది.

ఫొటోలోని టీపాయిని రూపొందించింది ఐలీన్ గ్రే. 1878లో ఐర్లండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఆమె, మొదట సుగవారా అనే జపాన్ కళాకారుడి దగ్గర లక్క పని నేర్చుకుని, ఆ తరువాతే ఉక్కు గొట్టాలతో సామాన్లు చేయడం వైపు వచ్చారు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో వాస్తుశిల్పి జాన్ బాదోవిచితో కలిసి 1926-29 మధ్య కట్టిన ఇంటి కోసం దీన్ని చేశారు. ఇంటికీ టీపాయికీ ఒకటే పేరు, ఇ-1027. మంచం మీదే ఫలహారం చేసే తన సోదరిని దృష్టిలో పెట్టుకుని చేశారని చెబుతారు. ఆ మాట చదివిన క్షణమే నాకు అక్క గుర్తొచ్చింది.

వెల్డింగ్ షాపులో మేస్త్రి ఆ ఫొటోను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "నాలుగు కాళ్లు లేవు గద సార్, పళ్లెం పెడితే ఒరగదా?" అని అడిగారు. పైన ఒక వలయం, అడుగున ఒక వలయం, వాటిని కలిపే నిలువు గొట్టాలు ఒక్క వైపునే. అడుగు భాగం మంచం కిందికి జారితే గాజు పలక పరుపు మీదికి వస్తుంది, బరువు పడేది అడుగు వలయం మీదే కనుక ఒరిగిపోదు. ఇది వివరించగానే ఆయన ముఖం వెలిగింది. గాజును మాత్రం ముందుగానే గుండ్రంగా కోయించి, అంచు నునుపు చేయించాకే టఫన్ చేయించి (అంటే వేడి చేసి గట్టిపరచి) తెప్పించాను; టఫన్ చేసిన గాజును మళ్లీ కోయబోతే చిన్న చిన్న ముక్కలైపోతుంది.

చిక్కు పైపుల దగ్గర వచ్చింది. ఎత్తు మార్చాలంటే ఒక గొట్టం మరోదానిలో జారాలి, కానీ బయటి పైపు లోపల వెల్డింగ్ అతుకు సన్నని గీతలా ఉబ్బి ఉండటంతో సగంలోనే బిగుసుకుపోయింది. మేస్త్రి పొడవాటి ఆకురాయితో దాన్ని ఓపికగా అరగదీస్తుండగా, నేను పానగల్లు వెళ్లి ఛాయా సోమేశ్వరుణ్ణి దర్శించుకుని వచ్చాను. అక్కడి గర్భగుడిలో పగలంతా లింగం మీద స్తంభపు నీడ కనిపిస్తుంది. ఏది ఎక్కడ నిలబెట్టాలో అంత లెక్కగా ఆలోచించిన శిల్పులకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

సాయంత్రం టీపాయిని ఆటోలో తెచ్చి మంచం కిందికి జరిపాను. అక్కది పాత కర్ర మంచం కావడం మా అదృష్టం. అడుగున పెట్టెలున్న మంచమైతే ఇది దూరేదే కాదు. అన్నం, చారు వడ్డించాక ఆమె ఒకసారి చెయ్యి చాచి చూసుకుని, "తమ్మీ, ఒక్క బెజ్జం కిందికి దించు" అంది. గొలుసుకు వేలాడే మేకును ఊడదీసి, గొట్టాన్ని మెల్లగా దించి, కింది బెజ్జంలో మళ్లీ దూర్చాను.