బొటనవేలి వైపు

ఆదివారం రాత్రి, పర్లాకిమిడి

పొద్దున్నే పాతపట్నం నుంచి నాన్న వచ్చారు, భుజాన సంచి, చేతిలో కర్ర. బరంపురంలో డిగ్రీ చదువుతున్న అక్క కూతురు నిన్న రాత్రే దిగింది. ఇద్దరూ ఉన్నారు కదా అని టిఫిన్లు కాగానే చిన్నిని డాబా మీదకి తీసుకెళ్లాను.

పది రోజుల నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ట్యూషన్ నుంచి వస్తుంటే సందు మలుపులో ఎవడో బండి ఆపి చిన్ని చెయ్యి పట్టుకున్నాడు. ఎదురింటావిడ చూసి ఒడియాలో గట్టిగా కేకలేస్తే వదిలేసి పోయాడు. చిన్ని ఎనిమిది నెలలుగా కరాటేకి వెళ్తోంది, పసుపు బెల్టు కూడా వచ్చింది. ఆ క్షణంలో మాత్రం ఏదీ గుర్తు రాలేదట. "నాదే తప్పమ్మా" అని ఆ రాత్రంతా ఏడ్చింది. పదమూడేళ్ల పిల్ల ఆ మాట అంటుంటే కడుపు తరుక్కుపోయింది.

ముందు తాతయ్యకి కటా చేసి చూపించింది. ఎదురుగా ఎవరూ లేకుండా, ఉన్నట్టు ఊహించుకుని వరసగా చేసే దెబ్బలు, అడ్డులు అవి. ఇచీ, నీ, సాన్ అని లెక్కపెడుతూ చేస్తుంటే ఎంత ముద్దుగా ఉందో. నాన్న మొత్తం చూసి, "బాగుంది తల్లీ. ఇప్పుడు నేను పట్టుకుంటాను, విడిపించుకో" అన్నారు. డెబ్బై నాలుగేళ్ల చెయ్యి. చిన్ని వెనక్కి లాగింది, గుంజింది, రాలేదు.

"క్లాసులో అయితే పట్టుకున్న పిల్ల వెంటనే వదిలేస్తుంది తాతయ్యా."

నాన్న నవ్వలేదు. తన పట్టు చూపించారు. "చూడు, నాలుగు వేళ్లు ఒక పక్క, బొటనవేలు ఒక్కటే ఒక పక్క. నలుగురున్న వైపు గుంజితే నీ వల్ల కాదు. ఒంటరోడి వైపు పో." మోచేతిని ఆయన వైపే ముందుకు తోసి, మణికట్టు సన్నటి అంచుని బొటనవేలు, చూపుడువేలు కలిసే సందులోకి తిప్పి లాగించారు. ఊడొచ్చింది. మళ్లీ పట్టుకున్నారు, ఇంకా గట్టిగా. అలా ఇరవై సార్లు చేయించారు. ప్రతిసారీ పట్టు బిగిస్తూనే ఉన్నారు.

అక్క కూతురిది జూడో. "మాకు రోజూ ఇదే పిన్నీ, రండోరీ అంటాం. ఎదుటి మనిషి నిజంగా అడ్డుకుంటుంటేనే పడెయ్యాలి" అంది. 1882లో టోక్యోలో జిగోరో కానో జూడో మొదలుపెట్టినప్పుడు జపాన్ పాత పోరాట విద్య జుజుత్సులో మనిషికి ప్రమాదమైన వాటిని ఈ సాధన నుంచి పక్కన పెట్టాడు. అందుకే ఇద్దరూ పూర్తి బలంతో తలపడినా మర్నాడు మళ్లీ రావచ్చు. నాకు ఇది చాలా పెద్ద విషయం అనిపించింది. కళ్లలో పొడవాలి, గొంతు మీద కొట్టాలి అని చెప్పేవాళ్లు ఉంటారు గానీ వాటిని తోటి పిల్ల మీద నిజంగా సాధన చెయ్యలేరు కదా. చెయ్యనిది అవసరానికి ఎలా వస్తుంది? కరాటేలోనూ కుమితే ఉంది, ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే సాధన. మా దగ్గర బెల్టు పరీక్ష అనేసరికి కటాకే టైమంతా పోతోంది. రేపు వెళ్లి సర్‌ని అడుగుతాను.

ఇంకొకటి, దూరం. టైక్వాండో తన్నుకి కాలు చాచేంత జాగా కావాలి, బాక్సింగ్ గుద్దుకి చెయ్యి చాచేంత. చెయ్యి పట్టుకున్నవాడు అప్పటికే ఆ దూరం దాటేసి వచ్చేశాడు. అక్కడ జూడో, కుస్తీ పనికొస్తాయి. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో, రకరకాల పోరాట విద్యలవాళ్లు తలపడిన మొదటి UFC పోటీలో, బ్రెజిల్ జుజుత్సు చేసే రాయిస్ గ్రేసీ తనకంటే బరువైన వాళ్లని కూడా కింద పడేసి ఒకే రాత్రి ముగ్గురి మీద గెలిచాడని అక్క కూతురు చెప్పింది. నిజమే, అక్కడ ఒకరితో ఒకరే. మా సందులో రెండోవాడు బండి మీద కూర్చుని ఉంటే? కింద పడితే లేచి పరిగెత్తడం వస్తే నాకు చాలు. అందుకే పడడం నేర్పమన్నాను. బొంత పరిచి, గడ్డం గుండెకి ఆనించి, వీపు తగిలేటప్పుడే అరచేత్తో నేలని చరచాలని చూపించింది. తల నేలకి కొట్టుకోకూడదు, అదే అసలు పాఠం.

మధ్యాహ్నం నాన్న కర్ర తిప్పారు. ఒకప్పుడు సంబరాల్లో ఆయన సాముగరిడీ చూడ్డానికి జనం ఎగబడేవారు. ఇటువైపు ఒడియావాళ్లకి పైకా ఆఖడాలు, అంటే పాతకాలపు ఒడియా సైనికులైన పైకాల సాధనశాలలు, ఉన్నట్టే మావైపు గరిడీలు. 1817లో ఖుర్దాలో తెల్లవాళ్ల మీద తిరగబడింది ఆ పైకాలే. నాకు పదకొండేళ్లప్పుడు నేర్పమని ఎంత బతిమాలినా, ఆడపిల్లకి సాము ఏంటని నాన్న ఒప్పుకోలేదు. ఇవాళ ఆ మాట ఎత్తాను. కాసేపు ఊరుకుని, "అప్పుడు తప్పు చేశానమ్మా. వచ్చే ఆదివారం ఇద్దరూ రండి డాబా మీదకి" అన్నారు.

చిన్ని పడుకుంది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, కొబ్బరినూనె రాశాను. నాన్న కర్ర ఇక్కడే వదిలి వెళ్లారు.